లంకమల దగ్గర కాలువ ఎందుకు పక్కకి తిరిగింది

కడప జిల్లాలో సిద్దవటం, బద్వేలు మధ్య లంకమల కొండల కింద ఉన్న చిట్టడవిని చూసి ఎవరూ దాన్ని అడవి అనరు. మనిషెత్తు ముళ్ళపొదలు, వాటి మధ్య రాళ్ళు తేలిన బోడి నేల, మేకలు తొక్కి తొక్కి పడిన దారులు, అంతే. ఇలాంటి నేలకి రెవెన్యూ రికార్డుల్లో మామూలుగా ఉండే పేర్లు బంజరు, పోరంబోకు. కాలువ అలైన్‌మెంట్ గీసేవాళ్ళకి ఇంతకన్నా తేలికైన చోటు దొరకదు. కొట్టేయాల్సిన పెద్ద మానులు లేవు, ఖాళీ చేయించాల్సిన ఊళ్ళు లేవు, పరిహారం కోసం కలెక్టరేట్ ముందు కూర్చునేవాళ్ళు లేరు. 2005లో తెలుగుగంగ కాలువ కోసం ప్రొక్లెయినర్లు ఆ పొదల్లోకి దిగాయి. అప్పటికే అక్కడ పనిచేస్తున్న కొద్దిమంది పరిశోధకుల కంట పడకపోయి ఉంటే విషయం బయటికి కూడా వచ్చేది కాదు.

ఆ పొదల్లో ఉన్నది కలివికోడి. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు, ఒకప్పుడు నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డాన్ పేరు మీద. 1848లో శాస్త్రలోకానికి ఎక్కింది, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో దాన్ని మళ్ళీ కనుక్కున్నారు. కనుక్కున్నారు అంటే, అక్కడి వేటగాడొకడు రాత్రిపూట పట్టి తెచ్చాడు. శాస్త్రవేత్తలు ఎనభై ఏళ్ళకి పైగా లేదనుకున్న పిట్ట ఆ చుట్టుపక్కల వాళ్ళకి పేరుతో సహా తెలుసు, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి.

ఇప్పుడు సంవత్సరాలు వరసగా పెట్టి చూడండి. కృష్ణా నీళ్ళని శ్రీశైలం నుంచి రాయలసీమ, నెల్లూరు మీదుగా మద్రాసుకి తీసుకుపోయే తెలుగుగంగ ప్రాజెక్టు మొదలైంది 1983లో. పిట్ట మళ్ళీ దొరికింది 1986లో. 464 చదరపు కిలోమీటర్ల శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది 1988లో. పెద్ద ప్రాజెక్టులకి పర్యావరణ ప్రభావ అంచనా, అదే అందరూ అనే ఈఐఏ, తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ వచ్చింది 1994లో. యంత్రాలు దిగింది 2005లో. ఇందులో విలన్‌ని వెతకాల్సిన పనేం లేదు. ప్రాజెక్టు మొదలైన నాటికి ఆ పిట్ట బతికున్నట్టు లోకానికి తెలియదు, తెలిసేనాటికి ప్రాజెక్టు నడుస్తోంది, ఈఐఏ వచ్చేనాటికి రెండూ పాత సంగతులైపోయాయి. కానీ ఈ ఇరవై రెండేళ్ళలో కాలువ మ్యాపు మీద అభయారణ్యం మ్యాపు పెట్టి, ఈ గీత ఎక్కడ పడుతోంది, అక్కడ ఏముంది అని అడగడం ఎవరి పనీ కానట్టే నడిచింది. ఒక శాఖ దగ్గర కాలువ మ్యాపు, ఇంకో శాఖ దగ్గర అడవి మ్యాపు.

పరిశోధకులు ఏం చేశారో చూస్తే ప్రభావ అంచనా అనే మాటకి అసలు అర్థం ఏమిటో తెలుస్తుంది. కలివికోడి రాత్రిపూట తిరుగుతుంది, పగలు పొదల కింద నేల రంగులో కలిసిపోయి కూర్చుంటుంది. టార్చి పట్టుకుని నెలల తరబడి తిరిగినా ఒక్కటీ కనబడకపోవచ్చు. అందుకని పి. జెగనాథన్, ఆయనతో పనిచేసినవాళ్ళు కనబడడం మీద ఆధారపడడమే మానేశారు. పొదల మధ్య మట్టి జల్లించి, సన్నమట్టిని కొన్ని మీటర్ల పొడవున పట్టీల్లాగా పరిచారు. ముందురోజు చదును చేసి పెట్టడం, పొద్దున్నే వెళ్ళి వంగి కూర్చుని రాత్రి ఆ పట్టీ మీద ఎవరెవరు నడిచారో చదవడం. కౌజు నడుస్తుంది, తీతువు నడుస్తుంది, ముంగిస, మేక, కుక్క, అన్నీ నడుస్తాయి. కలివికోడి కాలికి ముందువేళ్ళు మూడే, వెనకవేలు ఉండదు. అలాంటి కాళ్ళున్న పిట్టలు అక్కడ ఇంకా ఉన్నాయి కాబట్టి గుర్తుల్ని స్కేలు పెట్టి కొలిచారు, దగ్గర్లో ఆటోమేటిక్ కెమెరాలు బిగించారు, ఫొటోలో పడిన పిట్టా మట్టిలో పడిన అడుగూ ఒకదానిదేనని తేలాక గానీ లెక్కలో వేసుకోలేదు. తర్వాత దాని కూత కూడా దొరికింది, అప్పటినుంచి సాయంత్రం చీకటిపడే వేళ ఆ కూతని స్పీకర్లో వినిపించి అవతల నుంచి జవాబొస్తుందేమో వినడం ఇంకో పద్ధతి అయింది.

అంతటితో ఆగి ఉంటే అది పిట్ట మీద పరిశోధన. వాళ్ళు ఇంకో అడుగు వేశారు, ఎలాంటి పొదల్లో ఆ అడుగులు ఎక్కువ పడుతున్నాయో లెక్క తీశారు. హెక్టారుకి రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉండాలి, చిన్న పొదలు వెయ్యి లోపే ఉండాలి. అంటే దట్టమైన అడవి దానికి పనికిరాదు, ఉత్త బోడి నేల కూడా పనికిరాదు. మేత మితిమీరితే పొదలు పోతాయి, పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుని పిట్ట పరిగెత్తే జాగా పోతుంది. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే శాటిలైట్ బొమ్మ మీద ఏ ముక్క పిట్టకి పనికొస్తుందో గీసి చూపించొచ్చు, దాని మీద కాలువ గీత పెట్టి ఎక్కడ కోస్తోందో చూపించొచ్చు. సరిగ్గా ఇలాంటి సమాచారంతోనే విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది. పని ఆగింది. ప్రాజెక్టు రద్దు కాలేదు, కాలువ దారి మారింది, అంతే.

దారి మారింది అన్నది ఇక్కడ అసలు ముక్క. ఒక అంచనా నివేదిక పనికొచ్చిందా లేదా అని చూడడానికి ఇంతకన్నా సూటి కొలత లేదు, అది వచ్చాక డ్రాయింగులో ఏదైనా గీత కదిలిందా? కదలకపోతే అది నివేదికే కాదు, ఫైల్లో పెట్టాల్సిన ఒక కాగితం.

ఇప్పుడు మామూలుగా నడిచే ఈఐఏని దీని పక్కన పెట్టి చూద్దాం. ప్రస్తుతం నడుస్తున్నది 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్, దాని మీద లెక్కలేనన్ని సవరణలు. పద్ధతి కాగితం మీద బాగానే ఉంటుంది. ప్రాజెక్టు ఏ కేటగిరీలో పడుతుందో చూస్తారు, ఏమేం అధ్యయనం చేయాలో నిపుణుల కమిటీ చెబుతుంది, కంపెనీ నివేదిక రాయిస్తుంది, ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది, మళ్ళీ కమిటీ చూసి సిఫారసు చేస్తుంది. రాయిస్తుంది అన్న మాట దగ్గర ఆగాలి. నివేదిక రాసే కన్సల్టెంటుకి గుర్తింపు ఉండాలి, కానీ ఎంచుకునేదీ డబ్బిచ్చేదీ ప్రాజెక్టు యజమానే. పెళ్ళికొడుకు తరఫువాళ్ళే జాతకం రాయించుకొచ్చినట్టు ఉంటుంది, అందులో కుజదోషం ఉందని ఎవరు రాస్తారు? మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గనికి ఇచ్చిన నివేదికలో ఏకంగా రష్యాలోని గని నివేదిక నుంచి ఎత్తిపోసిన భాగాలు బయటపడ్డాయి. దొరికిపోయింది కాబట్టి నవ్వుకుంటున్నాం.

అంత మోటుగా కాకుండా, అన్నీ నిజాయితీగా చేసినా కలివికోడి లాంటిది దొరకదు, ఎందుకంటే పద్ధతి అలా ఉంది. చాలా ప్రాజెక్టులకి ఒకే ఒక్క సీజన్ వివరాలు చాలు, అదీ వానాకాలం కాని సీజన్. గాలి, ధూళి కొలవడానికి ఇది సరిపోతుందేమో. కప్పల్ని వానాకాలంలో కాకుండా ఇంకెప్పుడు లెక్కపెడతారు? మన ఎండు ప్రాంతాల్లో చాలా జీవాలు బయటికొచ్చేదీ, జతకట్టేదీ, గూళ్ళు పెట్టేదీ నాలుగు చినుకులు పడ్డాకే. సర్వే చేయాల్సిన ప్రాంతం మామూలుగా ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్లు, అంటే 314 చదరపు కిలోమీటర్లు. దానికి కొద్దిమంది మనుషులు, ఒక జీపు, కొన్ని పగళ్ళు. వాళ్ళు తెచ్చే జాబితా ఎలా ఉంటుందో నాలుగు నివేదికలు చదివినవాళ్ళకి కంఠతా వస్తుంది. కాకి, గోరింక, రామచిలుక, పావురం, ఉడత, ముంగిస, తొండ. చివర ఒక వాక్యం, అంతరించే ప్రమాదం ఉన్న జాతులేవీ ఈ ప్రాంతంలో గమనించలేదు అని.

గమనించలేదు అన్నది అబద్ధం కాదు. కానీ అది రెండు పేజీలు తిరిగేసరికి లేవు అయిపోతుంది, అక్కడినుంచి అనుమతి పత్రంలోకి వచ్చేసరికి ప్రభావం ఉండదు అయిపోతుంది. ఉంటే కనబడేలాగా వెతికారా అన్న ప్రశ్న ఈ మూడు మాటల మధ్య ఎక్కడో జారిపోతుంది. రాత్రిపూట తిరిగే పిట్టని పగలు వెతికి కనబడలేదని రాస్తే, దాన్నిబట్టి తెలిసేది పిట్ట గురించి కాదు, సర్వే చేసినవాళ్ళ డ్యూటీ టైము గురించి.

ఇంకో సంగతి, ప్రత్యామ్నాయాలు అనే అధ్యాయం. ప్రతి ఈఐఏలోనూ ఉండాలి, ఉంటుంది కూడా. కానీ నివేదిక చేతికొచ్చేసరికి ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక, అదే డీపీఆర్, అయిపోయి ఉంటుంది, చాలాసార్లు భూమి మాట్లాడేసి ఉంటారు, బ్యాంకు అప్పు కూడా నడుస్తూ ఉంటుంది. అప్పుడు రాసే ప్రత్యామ్నాయాలు ఎలా ఉంటాయంటే మూడు దారులు చూపిస్తారు, ఒకటి ఊరి మధ్యనుంచి, ఒకటి కొండ మీదనుంచి, మూడోది ముందే అనుకున్నది. పెళ్ళిచూపుల్లో ఇంకో ఇద్దర్ని పేరుకి చూపించినట్టు. లంకమలలో దారి మారడానికి అయిన ఖర్చు, గొడవ, ఆలస్యం, అన్నీ మొదటి మ్యాపు దశలో అయితే ఒక మధ్యాహ్నం పని.

రక్షిత ప్రాంతాల విషయంలో ఈఐఏ ఒక్కటే లేదు, ఇంకా రెండు మూడు తలుపులు ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలో గానీ జాతీయ పార్కులో గానీ పని చేయాలంటే వన్యప్రాణి బోర్డుల దాకా వెళ్ళాలి. అటవీ భూమి అయితే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద వేరే అనుమతి. టైగర్ రిజర్వ్ అయితే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మాట కూడా వినాలి. తలుపులు ఎక్కువుంటే కాపలా గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది. జరిగేదేమిటంటే ప్రతి తలుపు దగ్గరా ఒక్కో ముక్కే చూపిస్తారు. అటవీ శాఖ ఎన్ని హెక్టార్లు పోతోందో, ఎన్ని చెట్లు పడతాయో చూస్తుంది, పర్యావరణ కమిటీ దుమ్ము, నీరు చూస్తుంది, మొత్తం బొమ్మ ఒక్కచోట పెట్టి చూసేవాళ్ళు ఉండరు. కొన్నిటికి మొదటి తలుపే లేదు, రైల్వే లైన్లు 2006 ఈఐఏ జాబితాలోనే లేవు. అడవి మధ్యనుంచి రైలు పట్టాలు వేస్తే మిగతా అనుమతులు కావాలి గానీ ఈఐఏ అక్కర్లేదు. ఎందుకు లేదో అడిగితే ఎవరూ సూటిగా జవాబు చెప్పరు.

దూరం లెక్కలు ఇంకో తమాషా. రాష్ట్ర స్థాయిలో తేల్చే ప్రాజెక్టు ఏదైనా రక్షిత ప్రాంతానికి 10 కిలోమీటర్ల లోపు ఉంటే కేంద్రం చూడాలని 2006లో అన్నారు, 2014లో దాన్ని 5 చేశారు. రక్షిత అడవుల చుట్టూ కనీసం ఒక కిలోమీటరు పర్యావరణ సున్నిత మండలం ఉండాలని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, కేరళలోనూ ఇతర చోట్లా గొడవయ్యాక 2023 ఏప్రిల్‌లో అన్నిటికీ ఒకే కొలత కుదరదని సవరించింది. సవరించడం తప్పని కాదు, హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కేబీఆర్ పార్కుకీ నల్లమలకీ ఒకే కొలత ఎలా కుదురుతుంది. కానీ కిలోమీటరా, ఐదా, పదా అని కొట్లాడుకోవడంలో అసలు ప్రశ్న పక్కకి పోయింది. ప్రభావం ఎంత దూరం వెళ్తుందో ప్రాజెక్టుని బట్టి ఉంటుంది. క్వారీ దుమ్ము కొద్దిదూరం పోతుంది. నీళ్ళు చాలా దూరం పోతాయి.

నీళ్ళ ప్రభావం ఏమిటో చూడాలంటే కర్నూలు వైపు రోళ్ళపాడు గుర్తు చేసుకోవాలి. 1988లో బట్టమేక పిట్ట (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఏర్పడిన చిన్న అభయారణ్యం అది, గడ్డిమైదానం.  చుట్టూ ఉన్న ఊళ్ళకి సాగునీరు వచ్చింది, అది రావాల్సిందే, రాయలసీమలో నీళ్ళు వద్దనే మనిషి ఉండడు. నీళ్ళొచ్చాక మెట్టపంటలు పోయి తడిపంటలు వచ్చాయి. బట్టమేక పిట్ట కంచె లోపలే బతికే రకం కాదు, అది మెట్ట చేలల్లో, బీడుల్లో తిరిగి మేసేది. ఆ బీడులు పోయాక పిట్ట తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు అక్కడ దాదాపు కనుమరుగైంది. పిట్ట పేరు మీద పెట్టిన అభయారణ్యంలో ఇప్పుడు చూడ్డానికి మిగిలింది కృష్ణజింకలు, వాటి మీద రైతుల ఫిర్యాదులు. ఏ ఈఐఏలో అయినా ఈ ప్రభావం దొరికేదా? ప్రాజెక్టు లాభాలు అనే అధ్యాయంలో మాత్రం తప్పకుండా ఉంటుంది, పంటల సరళి మెరుగవుతుంది అని. లాభాల్లో రాసిన ఆ వాక్యమే పిట్టకి సంబంధించిన అసలు నష్టం, కాకపోతే అది వేరే అధ్యాయంలో ఉంది.

లంకమల చుట్టూ కూడా ఇదే బెంగ. కాలువ గీత తప్పించినంత మాత్రాన అయిపోదు, నీళ్ళు అందే మేరకి పొదలు కొట్టి నిమ్మతోటలు వేస్తే కాలువ తవ్వనిచోట కూడా పిట్ట నేల పోతుంది. తోట వేసుకునే రైతుని తప్పుపట్టడానికీ లేదు, అతని పట్టాలో ఉన్నది అభయారణ్యం కాదు. కలివికోడి పనికొచ్చే నేల చాలావరకు అభయారణ్యం హద్దుల దగ్గరా బయటా ఉందంటే, హద్దు గీసింది కొండల్ని చూసి గానీ పిట్టని చూసి కాదని అర్థం.

అభివృద్ధి ప్రాజెక్టు అనగానే డ్యామూ రోడ్డూ గుర్తొస్తాయి గానీ కొన్నిసార్లు దెబ్బ అసలు ప్రాజెక్టు కంటే ముందే మొదలవుతుంది. 2019లో నల్లమలలో యురేనియం గొడవ అలాంటిదే. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. అన్వేషణే కదా, తవ్వకం కాదు కదా అన్నది వాదన. 4,000 బోరు రంధ్రాలు వేయాలన్నది ప్రతిపాదన. ఒక్కో బోరు దగ్గరికి రిగ్గు వెళ్ళాలి, రిగ్గు వెళ్ళాలంటే దారి వేయాలి, దారి పడ్డాక దాన్ని మూసేవాడు ఉండడు, అందులో వేటగాడూ వెళ్తాడు, కలప లారీ కూడా వెళ్తుంది. పైగా చెంచు పెంటలు, అంటే చెంచుల గూడేలు, ఉన్న అడవి అది. తవ్వకం స్థాయి పరిశీలన అన్వేషణకి ఉండదు. అన్వేషణలో ఖనిజం దొరికాక ఇంత ఖర్చుపెట్టాం కదా అన్న వాదన వస్తుంది. ఈసారి జనం ముందే కదిలారు, 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అది రాజకీయంగా ఆగింది, ఏ అంచనా నివేదిక వల్లా కాదు.

ఇక నష్టానికి బదులు ఇస్తాం అనే మాట. ప్రభావ అంచనాలో ఒక వరస ఉండాలి, మొదట తప్పించగలమా చూడాలి, కుదరకపోతే తగ్గించాలి, పాడైంది బాగుచేయాలి, ఇవేవీ కుదరనప్పుడే వేరేచోట బదులు ఇవ్వాలి. మన దగ్గర వరస తిరగబడి నాలుగోదే మొదటిదైంది. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం 130 చదరపు కిలోమీటర్ల దాకా అడవి వాడుకునే ప్రాజెక్టుకి 2022లో అనుమతి ఇచ్చారు. అంతకుముందు, 2021 జనవరిలో, అక్కడి గలాతియా బే అభయారణ్యాన్ని జాబితాలోంచి తీసేశారు, పెద్ద తోలువీపు తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అది. పోయే వానాడవికి బదులు మొక్కలు ఎక్కడ నాటాలన్నారంటే, హర్యానాలో. పోర్ట్ బ్లెయిర్‌లో తరాలుగా ఉంటున్న మన శ్రీకాకుళం, విశాఖ వాళ్ళని అడిగినా చెబుతారు, ఆ వానకీ హర్యానా ఎండకీ పోలికేమిటో. అభయారణ్యం మీద ప్రభావం ఎంత అని అడిగే ముందే అభయారణ్యాన్ని రద్దు చేస్తే సున్నా అనే జవాబు వస్తుంది, ఆ లెక్క మాత్రం తప్పు లేకుండా కుదురుతుంది.

పనికొచ్చే పరిష్కారాలు లేవని కాదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళేవాళ్ళకి మన్ననూరు చెక్‌పోస్టు తెలుసు, రాత్రి 9 దాటితే గేటు పడిపోతుంది, మళ్ళీ పొద్దున 6కే. లేటయినవాళ్ళు కారులో కూర్చుని టైము చూసుకుంటూ తిట్టుకుంటారు, సెల్‌లో సిగ్నల్ కూడా ఉండదని ఇంకో టెన్షన్. కానీ ఒక గేటు, ఇద్దరు మనుషులతో పులులు తిరిగే వేళకి రోడ్డుని ఖాళీ చేయడం కన్నా చవకైన పని లేదు. కాస్త ఖరీదైన దారి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులో పెంచ్ దగ్గర కనిపిస్తుంది. 44వ నంబర్ జాతీయ రహదారిని వెడల్పు చేసేటప్పుడు కోర్టుల దాకా నడిచిన గొడవ తర్వాత జంతువులు కిందనుంచి దాటేలా పొడవాటి అండర్‌పాసులు కట్టారు, ఒకటైతే 750 మీటర్లు. తర్వాత కెమెరాలు పెట్టి చూస్తే పులులు కూడా వాటి కిందనుంచి వెళ్తున్నాయి. ఇక్కడ మెచ్చుకోవాల్సింది కట్టడం కన్నా ఆ కెమెరాల్ని. కట్టి వదిలేయకుండా పనిచేస్తోందా లేదా అని వెనక్కి వెళ్ళి చూశారు, మన దేశంలో ఇది అరుదు.

మామూలుగా వెనక్కి వెళ్ళి చూసేది ఎవరంటే, ప్రాజెక్టు యజమానే. అనుమతి పొందినవాళ్ళు ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబర్ 1కి, షరతులు పాటిస్తున్నామని తామే రాసి పంపాలి. షరతు దగ్గర పాటిస్తున్నాం అని ఒక మాట, పక్కన మొక్క నాటుతున్న ఫొటో. అసలు అనుమతే లేకుండా కట్టేసి తర్వాత అడిగేవాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. ఇలా వెనకనుంచి అనుమతులు ఇవ్వడం కుదరదని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కొట్టేసింది, అదే ఏడాది నవంబర్‌లో 2-1 మెజారిటీతో ఆ తీర్పునే వెనక్కి తీసుకుంది. కట్టేసిన ఆస్పత్రులు, విమానాశ్రయాలు పడగొట్టడం ప్రజాధనానికి నష్టమన్నది మెజారిటీ వాదనలో ముఖ్యమైనది. ఆ వాదనలో బలం లేదనలేం. కానీ ముందు కట్టు, తర్వాత అడుగు అని కాంట్రాక్టర్లకి అర్థమయ్యేది కూడా దానిలోంచే.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. 30 రోజుల ముందు నోటీసు, షామియానా, పోలీసులు, వేదిక మీద కలెక్టరో ఆయన తరఫున అధికారో, కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళు. మాట్లాడేవాళ్ళలో సగం మంది ఉద్యోగాలు అడుగుతారు, సగం మంది పరిహారం, ఇవి రెండూ అడగాల్సినవే. పూర్తి నివేదిక వందల పేజీల ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఇచ్చేది సారాంశం, అందులో ఆవరణ వ్యవస్థ, ఉపశమన చర్యలు, జీవవైవిధ్య పరిరక్షణ ప్రణాళిక లాంటి మాటలు తప్ప ఏ వాగు పక్కన ఏ గుట్ట మీద ఏం జరుగుతుందో దొరకదు. కలివికోడి అన్న పేరు తెలిసిన మనిషి ఆ షామియానా కింద ఉన్నా అతన్ని మీ గుట్టలో రాత్రిపూట ఏం తిరుగుతాయి అని అడిగే ఏర్పాటు లేదు. అతను మైకు దగ్గరికి వెళ్ళి చెప్పినా అది అభిప్రాయం కింద రాసుకుంటారు గానీ సమాచారం కింద కాదు. 1986లో పిట్టని పట్టిచ్చింది మాత్రం అలాంటి మనిషే.

కాబట్టి ఊరి పక్కన ఏదైనా ప్రాజెక్టుకి నోటీసు పడితే, కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు పరివేశ్‌లో నివేదిక తెరిచి అన్నీ చదవక్కర్లేదు. జీవజాతుల సర్వే ఏ తేదీల్లో, ఏ వేళల్లో, ఎవరు చేశారన్నది ముందు చూడాలి. తేదీలు లేకపోతే అదే మొదటి అభ్యంతరం. రాత్రి సర్వే లేకపోతే రెండోది. ప్రత్యామ్నాయాల అధ్యాయంలో వద్దన్న దారుల్ని ఎందుకు వద్దన్నారో అంకెలతో రాశారా లేదా అన్నది మూడోది. ఈ మూడు ప్రశ్నలు మైకులో అడిగితే మినిట్స్‌లోకి ఎక్కుతాయి, మినిట్స్‌లోకి ఎక్కితే కమిటీ జవాబు అడగాలి, రేపు హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళినా చేతిలో కాగితం ఉంటుంది. చెట్లు కొట్టొద్దు అన్న నినాదం కన్నా ఇవి ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

లంకమలకే వస్తే, కాలువ పక్కకి జరిగిన కొన్నేళ్ళకే కలివికోడి మళ్ళీ మాయమైంది. 2009 తర్వాత పదిహేనేళ్ళకి పైగా ఎంత వెతికినా నమ్మకమైన ఆధారం ఒక్కటీ దొరకలేదు, ఇక లేదేమో అని వెతికేవాళ్ళు కూడా అనుకోవడం మొదలుపెట్టారు. ఆ కాలంలో ఆ చుట్టుపక్కల ఎవరైనా ఈఐఏ రాసి ఉంటే అందులో గమనించలేదు అనే వాక్యం ఉండేది, దాన్ని తప్పని చూపించడం ఎవరి వల్లా అయ్యేది కాదు. 2025 ఆగస్టులో పక్షుల్ని వెతికే ఒక బృందం రాయలసీమ చిట్టడవిలో చీకటిపడ్డాక నిలబడి విన్నప్పుడు దాని కూత రికార్డయింది. సరిగ్గా ఎక్కడన్నది వాళ్ళు బయటపెట్టలేదు.